అవతలి ఊరి గడియారం

ఫిబ్రవరి 3

దరఖాస్తు సీలు వేసి ఇచ్చేశాం. నూట నలభై పేజీలు. నూట ముప్పై తొమ్మిది లాయరు రాశాడు, ఒక్కటి నేను రాశాను. ఆ ఒక్కటే టైమ్‌టేబులు. అసలు దరఖాస్తంటే అదే, మిగతాదంతా అట్టముక్క. లాయరుతో ఈ మాట అంటే మొహం మాడ్చుకున్నాడు. ఉన్నమాటంటే ఉలుకెందుకో.

సముద్రం అవతల ఊరికి ఇక్కణ్ణుంచి రోజుకి ఒక్క విమానం వెళ్లొచ్చని రెండు ప్రభుత్వాలూ ఒప్పందం రాసుకున్నాయి. ఒక్కటంటే ఒక్కటే. అది మాకా, పెద్ద కంపెనీకా అన్నది కమిటీ తేలుస్తుంది. మాకున్నవి ఆరు విమానాలు, వాళ్లకి నలభై. అయితే ఏంటట? వాళ్ల టైమ్‌టేబులు వేసేది మా బావమరిది. వాడికి ఆ విద్య నేర్పిందెవరు? ఇంకెవరు, నేనే.

రూటు వస్తే అంతర్జాతీయ విభాగానికి నన్ను అధిపతిని చేస్తానని ఎండీగారు నలుగురి ముందూ అన్నారు. ఇరవై రెండేళ్లుగా ఈ ఊరి నుంచి పక్క ఊరికీ, పక్క ఊరి నుంచి ఈ ఊరికీ విమానాలు తిప్పుతున్నాను. ఒక్కసారి సముద్రం దాటించాలని ఉంది. బయటికి అనలేదు గానీ, చాలా ఉంది.

ఫిబ్రవరి 4

బావమరిది మా కింద వాటాలోనే ఉంటాడు. కమిటీ తేల్చేదాకా రూటు గురించి ఒకరితో ఒకరం మాట్లాడకూడదని రెండు కంపెనీల వాళ్లూ మా చేత సంతకాలు పెట్టించుకున్నారు. మాకు విమానాలు తప్ప వేరే మాటలేం ఉంటాయి? అందుకని మొత్తానికే మానేశాం. మెట్ల మీద ఎదురైతే వాడు పైకప్పు చూస్తాడు, నేను చెప్పులు చూసుకుంటాను.

"మీ ఇద్దర్నీ ఒక గదిలో పడేసి తాళం పెడితే నాకు పీడ వదులుతుంది" అంటోంది మా ఆవిడ.

తాళం ఎందుకు, తీర్పు వచ్చాక వాడే వస్తాడు. ఓడిపోయినవాడు రావడం మర్యాద.

ఫిబ్రవరి 9

ఎల్లుండి విచారణ. కొత్త చొక్కా ఇస్త్రీ చేయించాను. అద్దం ముందు "అధ్యక్షురాలికి నమస్కారం" అని నాలుగు రకాలుగా అని చూసుకున్నాను. మూడోది బావుంది. మా ఆవిడ వెనకనుంచి "నమస్కారం, కూర్చోండి" అంది. ఈ మనిషితో వేగలేను.

ఫిబ్రవరి 11

ఏం రాయను. రాస్తాను.

హాల్లో పొడుగాటి బల్ల. మధ్యలో అధ్యక్షురాలు, రిటైరైన జడ్జిగారు, కళ్లద్దాలు ముక్కు చివర. ఆవిడకి ఎడం పక్కన సాంకేతిక సభ్యుడని ఒక బక్క మనిషి. ఇటు మేం, అటు పెద్ద కంపెనీ వాళ్లు. వాళ్ల చివరి కుర్చీలో మా బావమరిది, వాళ్ల అక్క పోయినేడు కొనిపెట్టిన చొక్కా వేసుకుని.

నేను లేచాను. మూడో రకం నమస్కారం పెట్టాను. మధ్యాహ్నం మూడున్నరకి ఇక్కడ బయల్దేరుతుంది, నాలుగు గంటల నలభై నిమిషాల ప్రయాణం, అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు, అంచేత అక్కడి లెక్కలో పదీ నలభైకి దిగుతుంది అని గడగడా చెప్పేశాను. బక్క మనిషి కాగితం మీంచి తల ఎత్తకుండా అడిగాడు.

"ఎండాకాలంలో మీ విమానం ఎక్కడ దిగుతుందండీ?"

"విమానాశ్రయంలోనేనండీ" అన్నాను.

హాలంతా నవ్వారు. ఆయన నవ్వలేదు.

విషయం ఏంటంటే, ఆ దేశం వాళ్లు మూడేళ్ల నుంచి ఎండాకాలంలో గడియారాన్ని ఒక గంట ముందుకి తిప్పుతున్నారట. అప్పుడు మా పదీ నలభై కాస్తా పదకొండూ నలభై అవుతుంది. చుట్టుపక్కల జనం నిద్రలు పాడవుతున్నాయని అక్కడి విమానాశ్రయం పదకొండింటికే మూసేస్తారు. అంటే ఏడాదిలో సగం రోజులు మా విమానం అక్కడికి వెళ్లి, మూసిన తలుపు చూసి రావాలి.

గడియారం తిప్పడమేంటి? వాళ్లకి వేరే పనీపాటా లేదా?

అక్కడితో ఆగితే పరువు మటుకే పోయేది. అధ్యక్షురాలు రెండో ఫైలు తెరిచింది. "విచిత్రం ఏంటంటే పెద్ద కంపెనీ వారిదీ ఇదే తప్పు. పైగా కింద గమనికలో మాటలు కూడా ఒకటే: 'ఎండైనా చలైనా తేడా రెండున్నర గంటలే'. ఇద్దరూ ఒకేచోట, ఒకే మాటల్లో తప్పు చేయడం నేనెక్కడా చూడలేదు. ఎవరో ఒకరు రెండోవారిది చూసి రాశారు. పది రోజులు గడువిస్తున్నాను. చూసి రాసినవాళ్లు ఎవరని తేలితే వాళ్లు పోటీలో ఉండరు" అంది.

నేను బావమరిది వంక చూశాను. వాడు నా వంక చూశాడు. పైకప్పు లేదు, చెప్పులు లేవు.

ఫిబ్రవరి 12

ఎండీగారు ఎగిరి గంతేశారు. నిజంగానే గంతేశారు, టీ ఒలికింది. "వాళ్లు మనది కాపీ కొట్టేశారయ్యా! ఇంక రూటు మనదే!" అన్నారు.

లాయరు ఒక కాగితం తయారు చేశాడు. అందులో నేను చెప్పాల్సినవి మూడే ముక్కలు. ఒకటి, వాళ్ల టైమ్‌టేబులు వేసేవాడు మా కింద వాటాలో ఉంటాడు. రెండు, జనవరిలో నిచ్చెన కోసం మా ఇంటికి వచ్చాడు. మూడు, అప్పుడు నా టైమ్‌టేబులు భోజనాల బల్ల మీద ఉంది. అన్నీ నిజాలే. ఒక్క అబద్ధం కూడా లేదు. సంతకం పెట్టడానికి అభ్యంతరం ఏముంటుంది?

ఆలోచించి పెడతానన్నాను. పెద్దమనిషన్నాక ఆలోచించాలి కదా, అందుకని.

ఆ రోజు కాగితం బల్ల మీద బోర్లా ఉన్నట్టు గుర్తు.

ఫిబ్రవరి 13

కాగితం సగం మడిచి ఉంది. మడిచినా కింద గమనిక కనబడుతుంది.

ఫిబ్రవరి 14

ఆలోచించిన కొద్దీ అన్నీ గుర్తొస్తున్నాయి. కాగితం వెల్లకిలానే ఉంది. వాడు నిచ్చెన భుజాన పెట్టుకుని బల్ల దగ్గర ఆగాడు. ఎందుకు ఆగాడు? మంచినీళ్లు తాగడానికని అప్పుడనుకున్నాను. నేనొట్టి వెర్రివాణ్ణి. గ్లాసెత్తినప్పుడు కన్ను కిందికే ఉంది.

పద్నాలుగేళ్ల కింద కాలేజీ నుంచి రాగానే పక్కన కూర్చోబెట్టుకుని నేర్పాను. నాలో సగం లేదు గానీ బుర్ర ఉంది వాడికి. అడిగితే నేనే చెప్పేవాణ్ణి కదా, దొంగతనం ఎందుకు?

ఫిబ్రవరి 15

పెద్ద కంపెనీ వాళ్లు బావమరిదిని పనిలోంచి పక్కన పెట్టారట. కాపీ కొట్టాడని తేలితే తీసేయడమే కాదు, ఇంక ఏ కంపెనీ గుమ్మంలోకీ రానివ్వరు. ఈ ఉద్యోగంలో ఉన్నవాళ్లం పట్టుమని యాభై మందిమి. పేరు పోతే పోయినట్టే.

మా ఆవిడ ఉదయం నుంచీ నాతో మాట్లాడలేదు. కంచం పెట్టింది, నీళ్లు పెట్టింది, వెళ్లిపోయింది. చట్నీ ఉందా అని అడిగితే "బల్ల మీద వెతుక్కోండి. అక్కడ మీకు అన్నీ కనబడతాయిగా" అంది.

డైరీ చదివిందేమో. ఇకనుంచి బీరువాలో పెడతాను.

ఫిబ్రవరి 16

బీరువా తాళంచెవి కూడా ఆవిడ దగ్గరే ఉంటుంది.

ఫిబ్రవరి 18

ఇది పూర్తిగా రాయాలి.

సాయంత్రం మా ఆవిడ బీన్స్ తరుగుతోంది. నేను ఎదురుగా కూర్చుని లాయరు కాగితం ఇంకోసారి చదువుతున్నాను. గట్టిగానే చదివాను, వినాలనే చదివాను. మూడు నిజాలూ అయ్యాక, "ఇందులో ఒక్కటి అబద్ధం చూపించు" అన్నాను.

ఆవిడ కత్తి ఆపలేదు. టకటకా తరుగుతూ, ఆ తాళానికే అందుకుంది:

"సముద్రం దాటితే రెండున్నర ముందు,
ఎండైనా చలైనా రెండున్నరే ముందు!"

లాయరు కాగితం కింద పెట్టాను.

"తర్వాతది కూడా చెప్పనా? 'కొండల మీంచి పోతే గంటన్నర వెనక, గడియారం కదపరు ఏనాడు గనక'. ఇంకా ఉన్నాయి, మొత్తం పదిహేడు. పెళ్లైన కొత్తలో గడియారాల పుస్తకం నాకిచ్చి, నేను అడుగుతుంటే మీరు అప్పజెప్పేవారు. మొగుడు ముచ్చట్లు చెప్తాడనుకుంటే ఊళ్ల టైములు చెప్పాడు. తర్వాత మా తమ్ముడొచ్చాడు. వాడికి కూడా ఇవే వల్లె వేయించారు. 'పుస్తకం ముట్టుకున్నావంటే వేళ్లు విరగ్గొడతాను, అంతా తలలో ఉండాలి' అన్నారు. వాడి తలలో ఉంది. మీ తలలో ఉంది. నా తలలో కూడా ఉంది, ఏం లాభం? ఇప్పుడు చెప్పండి, నేను కూడా మీ బల్ల మీద చూశానా?"

అంతే. ఎక్కం. నా ఎక్కం. నేను ప్రాస కుదర్చడానికి మూడు నెలలు తల బద్దలు కొట్టుకుని కట్టిన ఎక్కం. కట్టినప్పుడు అది నిజమే. ఆ ఊళ్లో అప్పుడు గడియారం తిప్పేవాళ్లు కాదు. ఆర్నెల్లకోసారి ఆఫీసుకి వచ్చే గడియారాల పుస్తకంలో మూడేళ్ల కిందే మార్పు అచ్చు వేశారు. ఆ పుస్తకం నేను తెరిచి చూస్తేగా? ఆరు పుస్తకాలు ప్లాస్టిక్ కవరు కూడా తీయకుండా నా సొరుగులో ఉన్నాయి. ఆ గమనిక నేను తలలోంచి రాశాను. వాడు కూడా తలలోంచే రాశాడు. వాడి తలలో పెట్టింది నేను.

వాడు నీళ్లు తాగడానికే ఆగాడు.

ఫిబ్రవరి 19

తలనొప్పి. సెలవు పెట్టాను.

కొంచెం న్యాయంగా ఆలోచిస్తే, లాయరు కాగితంలో అబద్ధం లేదన్నది ఇప్పటికీ నిజమే.

ఫిబ్రవరి 19, మధ్యాహ్నం

పైన రాసింది చదువుకున్నాను. సిగ్గులేని వెధవని.

ఫిబ్రవరి 20

ఎండీగారికి చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నారు. విని, "ఎక్కం సంగతి ఎవరికి తెలుసు?" అని అడిగారు.

"మా ఆవిడకి తెలుసు."

"ఆవిణ్ణి కమిటీ పిలవదు కదా?"

"పిలవదండీ."

"మరింకేం?" అన్నారు. పాపం ఆయన చెడ్డవాడు కాదు. ఆరు విమానాలున్నవాడు ఏడోదాన్ని గురించి కలగనడం తప్పేం కాదు. "నువ్వు సంతకం పెడితే అధిపతివి. పెట్టకపోతే, ఇద్దరూ దద్దమ్మలే అని తేలుతుంది. అంతేనా?" అని మళ్లీ అడిగారు.

అంతేనండీ అన్నాను. ఆయన అంత పొందిగ్గా చెప్పేసరికి గుండెలో కలుక్కుమంది. ఇరవై రెండేళ్లలో నా టైమ్‌టేబుల్లో తప్పు పట్టినవాడు లేడు. ఆఫీసులో నన్ను 'పంచాంగం' అంటారు. నా వెనక అంటారు గానీ, నాకు ఇష్టమే.

ఫిబ్రవరి 21

విచారణ పదకొండింటికి. నేను పదింపావుకే వెళ్లి కూర్చున్నాను. బావమరిది వాళ్ల లాయరు పక్కన ఉన్నాడు, గడ్డం కూడా గీసుకోలేదు. పది రోజుల్లో చిక్కి సగమయ్యాడు. నా వంక చూడలేదు.

అధ్యక్షురాలు "చెప్పండి, ఎవరిది చూసి ఎవరు రాశారు?" అంది. మా లాయరు కాగితం పట్టుకుని లేచాడు. సంతకం లేని కాగితం. నేను ఆయన కోటు పట్టుకుని లాగి కూర్చోబెట్టాను. కోటు కుట్టు ఊడింది.

"ఎవరూ ఎవరిదీ చూడలేదండీ. తప్పు నాది. ఆ అబ్బాయికి పని నేర్పింది నేను. పద్నాలుగేళ్ల కింద తప్పు... అంటే అప్పుడు ఒప్పే, తర్వాత తప్పైంది. పుస్తకం చూడొద్దని నేర్పాను. నేను కూడా చూడలేదు" అన్నాను. ఇంట్లో అద్దం ముందు బాగానే వచ్చింది, అక్కడ గొంతు కీచుమంది.

బక్క మనిషి "పుస్తకం చూడొద్దని నేర్పారా?" అన్నాడు, ఏదో బూతు విన్నట్టు.

"అవునండీ. ఎక్కం నేర్పాను."

"ఏదీ, చెప్పండి" అంది అధ్యక్షురాలు.

చెప్పాను. ప్రభుత్వ విచారణలో, నలభై మంది ముందు, చేతులు కట్టుకుని, సముద్రం దాటితే రెండున్నర ముందు అని. రెండో పాదం అందుకునేలోపు అటు చివరి కుర్చీలోంచి ఇంకో గొంతు కలిసింది. అలవాటైన నోరు కదా, ఆగలేదు వాడికి. ఇద్దరం కలిసి ముగించాం. టైపిస్టు టైపు చేయడం మానేసి చూస్తోంది.

అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. వాడు లేచి నిలబడ్డాడు.

"అమ్మా, తప్పు బావది కాదండీ, నాది. బావ నేర్పినప్పుడు అది నిజం. మారిందో లేదో చూసుకోవాల్సింది నేను. మా కంపెనీలో ఆ పుస్తకం నా బల్ల మీదే ఉంటుంది."

"నీ బల్ల మీద ఉంటే ఏంట్రా, ముట్టుకోవద్దన్నది నేను కదా!"

"నాకేమైనా ఐదేళ్లా బావా, నువ్వొద్దంటే మానేయడానికి?"

"మానేశావు కదా మరి!"

అధ్యక్షురాలు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "ఇన్నాళ్లూ రూటు నాదంటే నాదని కొట్టుకున్నారు. ఇప్పుడు తప్పు నాదంటే నాదని కొట్టుకుంటున్నారు. ముందు కూర్చోండి ఇద్దరూ" అంది.

కూర్చున్నాం. కాపీ ఏమీ లేదని రాయించింది. ఇద్దరూ వారంలో సరిచేసిన టైమ్‌టేబుళ్లు ఇవ్వాలంది. "పుస్తకం చూసి" అని ఒత్తి మరీ చెప్పింది.

మా లాయరు ఊడిన కుట్టు పట్టుకుని నన్ను చూసిన చూపు ఇక్కడ రాయను.

ఫిబ్రవరి 25

ఎండాకాలంలోనూ పదకొండులోపు దిగాలంటే ఇక్కణ్ణుంచి ఒక గంట ముందు, రెండున్నరకే బయల్దేరాలి. సముద్రం దాటగలిగిన విమానం మాకు ఒక్కటే ఉంది. అది పక్క ఊరి నుంచి రెండుంపావుకి వస్తుంది. జనం దిగాలి, ఊడవాలి, నూనె పోయాలి, జనం ఎక్కాలి. పదిహేను నిమిషాల్లో కాదు. యాభై నిమిషాలైనా కావాలి.

ఫిబ్రవరి 26

పక్క ఊరి విమానాన్ని పొద్దున్నకి జరిపి చూశాను. ఆ వేళకి అక్కడ రన్‌వే ఖాళీ లేదు.

ఫిబ్రవరి 27

ఎనిమిది రకాలుగా వేశాను. కాదు. నలభై విమానాలున్నవాడికి ఇది ఒక లెక్కే కాదు. కింద వాటాలో ఎప్పుడో వేసేసి ఉంటాడు.

మా ఆవిడ టీ పెట్టి, నా ముందున్న కాగితాలు చూసి, "సంతకం పెట్టుంటే రూటు మీదే కదా" అంది.

"కదా" అన్నాను.

ఆవిడ పక్కన కూర్చుని తన టీ కూడా అక్కడే తాగింది. పన్నెండు రోజుల తర్వాత.

మార్చి 14

రూటు వాళ్లకి.

మార్చి 15

అంతర్జాతీయ విభాగం ఎత్తేశారు. ఎత్తేయడానికి ఏముంది, ఒక బల్ల, రెండు కుర్చీలు, తలుపు మీద ఇంకా బిగించని పేరు పలక. నన్ను మళ్లీ పాత గదిలో కూర్చోమన్నారు. ఎండీగారు ఎదురైతే "ఆ, బావున్నావా" అన్నారు, అంతే.

బాధ లేదు.

ఉంది. చాలా ఉంది. మధ్యాహ్నం సొరుగులోంచి ఆరు పుస్తకాలూ తీసి ప్లాస్టిక్ కవర్లు చింపాను. ఎవరి మీద కోపమో తెలీదు గానీ గట్టిగా చింపాను. రెండో పుస్తకం నుంచి కళ్లు సరిగ్గా కనబడలేదు.

మార్చి 17

బావమరిది పైకి వచ్చాడు. ఉద్యోగం మళ్లీ ఇచ్చారట. గుమ్మంలోనే నిలబడి కాలి బొటనవేలితో నేల గీకుతున్నాడు. ముప్పై ఏడేళ్లు వెధవకి.

"సంతకం పెట్టలేదట కదా బావా. అక్క చెప్పింది."

"పెన్ను దొరకలేదురా" అన్నాను.

వాడు నవ్వాలనుకుని ఏడ్చాడు. నాకిలాంటివి చేతకావు. లోపలికి వచ్చి ఫ్యాను చూడమన్నాను, చప్పుడు చేస్తోందని.

జూన్ 2

ఇవాళ మొదటి విమానం. టైమ్‌టేబులు వేసినవాణ్ణి మొదటి ప్రయాణంలో తీసుకెళ్లడం వాళ్ల కంపెనీలో ఆనవాయితీ అట. బావమరిదికి విమానం ఎక్కడమంటే ప్రాణం మీదికొస్తుంది. పద్నాలుగేళ్లుగా విమానాలు తిప్పుతున్నాడు గానీ ఎక్కింది రెండుసార్లు. పొద్దున పైకి వచ్చి, "బావా, నేను కళ్లు మూసుకుని కూర్చుంటాను. వేళకి కదిలిందో లేదో నువ్వే చూసి చెప్పాలి" అన్నాడు. నా మాట మీద తప్ప నమ్మకం లేదట.

విమానాశ్రయంలో మా కంపెనీ గది కిటికీలోంచి రన్‌వే కనబడుతుంది. రెండింటికే వెళ్లి నిలబడ్డాను. వాళ్ల విమానం తళతళలాడుతోంది. నిచ్చెన తీశారు, తలుపు మూశారు. రెండున్నర అయింది. కదల్లేదు. రెండూ ముప్పై ఒకటి. ముక్కు కిటికీ అద్దానికి ఆనించాను. మాది కాదు కదా, నాకెందుకు? రెండూ ముప్పై రెండు. "కదలవే తల్లీ" అని పైకే అన్నట్టున్నాను, పక్క బల్ల అమ్మాయి తిరిగి చూసింది. రెండూ ముప్పై మూడుకి చక్రం కదిలింది. అలా వెళ్లి, తిరిగి, లేచి, చిన్నదై, సముద్రం వైపు పోయింది. నేను ఇరవై రెండేళ్లుగా పంపాలనుకున్న వైపు.

ఏడున్నరకి అక్కణ్ణుంచి ఇంటికి ఫోను. వెనక ఒకటే గోల, చప్పట్లు.

"దిగాం బావా! బతికే ఉన్నాను! వేళకి కదిలిందా?"

మూడు నిమిషాలు లేటు. ఇరవై రెండేళ్లలో ఒక్క నిమిషం ఆలస్యాన్ని కూడా నేను ఊరికే వదిలిపెట్టలేదు. పైలట్లనే నిలబెట్టి అడిగాను.

"సెకను తేడా లేదురా" అన్నాను.

"నిజంగా?"

"నేనెప్పుడైనా తప్పు చెప్పానా?"

అవతల వాడు పగలబడి నవ్వాడు. మా ఆవిడ ఫోను లాక్కుంది.

రేపు రిపోర్టులో వాడే చూసుకుంటాడు. చూసుకోనీ. నా నోటితో మాత్రం ఎప్పటికీ చెప్పను. కానీ మూడు నిమిషాలు మూడు నిమిషాలే, ఎక్కడో ఒకచోట ఉండాలి కదా, ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను.